శనివారం దారం, సోమవారం లేజర్

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. అవాంఛిత రోమాలు శాశ్వతంగా తీసే పని నేర్చుకున్నవాళ్ళు, నేర్చుకోబోతున్నవాళ్ళు. ఏ మిషన్ మంచిది, ఎంత పవర్ పెట్టాలి, ఎన్ని సిట్టింగులు చెప్పాలి అని అడుగుతారు. అవన్నీ మిషన్‌తో పాటు వచ్చే పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకంలో దొరకనివి కొన్ని ఉన్నాయి. నేను రాసేది వాటి గురించే.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీలుండే లైను ఇళ్ళలో పుట్టాను. మా తాత చిత్తూరు వైపు నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడు. మా నాయన కూడా గనిలోనే చేశాడు. గని మూసేశాక మా ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున్నే బెంగళూరు రైలెక్కక తప్పలేదు. నేనెక్కాను. ఒక చర్మ డాక్టరు క్లినిక్‌లో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే పని దొరికింది. ఆ పెద్దాయన చేతిపని చూస్తూ చూస్తూ కరెంటు సూది పట్టుకోవడం నేర్చుకున్నాను. కాలేజీ మెట్లెక్కలేదు. కానీ లెక్క తేలనిదే వదలని బుద్ధి ఉంది. ఏదైనా రెండోసారి అలాగే జరిగితే, ఎందుకు జరిగిందో కనుక్కునేదాకా నాకు అన్నం సహించదు. కొన్నాళ్ళకు తిరిగి మా ఊరికే, రాబర్ట్‌సన్‌పేటలో వసంత మేడమ్ పార్లర్‌కు వచ్చేశాను. యాభై దాటాక దగ్గరి చూపు తగ్గింది. ఈ పనికి పెట్టుబడి దగ్గరి చూపే కాబట్టి మానేశాను.

పర్మనెంట్ అనే మాట

మేడమ్ పార్లర్ బోర్డు మీద 'పర్మనెంట్ హెయిర్ రిమూవల్' అని పెద్దక్షరాలతో రాయించింది. బెంగళూరులో ఆ మాట చదివి ఎవరూ నవ్వరు. మా ఊళ్ళో నవ్వుతారు. పర్మనెంట్ అంటే మా ఊళ్ళో ఒకటే అర్థం, గనిలో ఉద్యోగం. ఆ పర్మనెంట్ ఏమైందో ప్రతి ఇంటికీ తెలుసు.

క్యాసంబళ్ళి నుంచి మునియమ్మ అని ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె భర్త గనిలో చేసి, గని మూశాక ఊరికి తిరిగి వెళ్ళి సేద్యం పెట్టుకున్నాడు. బోర్డు కింద నిలబడి నన్ను పిలిచింది.

"ఏమ్మా, పర్మనెంట్ అని రాసినారే, యాడ పర్మనెంట్? మా ఆయప్పకి గూడా పర్మనెంట్ అనే చెప్పినారు. మైను మూసేసినారు. నా గడ్డం మాత్రం మూసుకుంటుందా?"

"మైను మూసినట్టే మూస్తానమ్మా. మళ్ళీ ఎవరూ తెరవరు."

"అట్లయితే సరి, చెయ్యి" అని నవ్వుతూ లోపలికి వచ్చి కూర్చుంది.

ఆమె గడ్డం కింద వెంట్రుకలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆ వయసుకు అంత నలుపేమిటని భూతద్దం పెట్టి చూస్తే మొదళ్ళ దగ్గర తెలుపు కనిపించింది. తెల్ల వెంట్రుకకు లేజర్ పని చేయదని ఎవరో చెప్పారట. తలకు వేసుకునే రంగు గడ్డానికీ పూసుకొని వచ్చింది! లేజర్ వెలుతురు వెంట్రుకలోని నలుపును పట్టుకొని కిందికి దిగి, వేరును వేడితో చంపుతుంది. పైన పూసిన రంగు వేరు దాకా దిగదు. అలాంటివారికి సూదే దారి. సూదికి రంగుతో పని లేదు. ఒక్కో వెంట్రుక పక్కన సన్నని సూది దించి, కొంచెం కరెంటు ఇచ్చి, ఆ ఒక్కదాని వేరును చంపుతాం. నిదానం పని. మునియమ్మకు అలాగే చేశాను.

షిఫ్టు లెక్క

అందరూ మొదట అడిగేది, ఒక్కసారికే పోదా అని. మా డాక్టరు వెంట్రుక పెరిగే దశలను ఇంగ్లీషు పేర్లతో చెప్పేవాడు. విన్నవాళ్ళు తలూపి, బయటికి వచ్చి నన్ను అడిగేవారు. నేను షిఫ్టులతో చెప్పేదాన్ని. గనిలో అందరూ ఒకేసారి కిందికి దిగరు. ఒక షిఫ్టు కింద పనిలో ఉంటే ఇంకొకటి ఇంట్లో నిద్రపోతుంటుంది. వెంట్రుకలూ అంతే. ఇవాళ కింద పనిలో ఉన్నవే మనకు దొరుకుతాయి. ఇంటికి పోయినవి దిగేదాకా ఆగి మళ్ళీ రావాలి. ఇలా చెబితే మా ఊళ్ళో రెండో ప్రశ్న ఉండేది కాదు.

నూటికి ఇన్ని పోతాయి అని మాత్రం ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి. తెలియని అంకెను తెలిసినట్టు చెప్పడం కంటే తెలియదనడమే నయం. చెప్పగలిగింది ఇంతే. లేజర్ ఒక్క ఊపులో చాలావాటిని పట్టుకుంటుంది. ఎక్కువ భాగం తగ్గిస్తుంది, కొన్ని సన్నబడి మిగులుతాయి. సూది సరిగ్గా దిగిన వేరు మళ్ళీ లేవదు, కానీ ఒళ్ళు పురమాయిస్తే దాని పక్కన కొత్తది లేవవచ్చు. అందుకే నెలసరి తప్పుతున్న పిల్ల గడ్డం చూపిస్తే ముందు లేడీ డాక్టరు దగ్గరికి పంపండి. లోపలి కారణం అలాగే ఉంటే మీ పనికి ముగింపు ఉండదు.

ఎండ సంగతి కూడా. టేకల్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. టమాట తోటలో పొద్దంతా ఎండలో పని. బెంగళూరు నుంచి లేజర్ మిషన్‌తో పాటు వచ్చిన ఆపరేటరు, నీడపట్టున ఉండే పిల్లకు పెట్టే పవరే ఆమెకూ పెట్టాడు. వెలుతురుకు వెంట్రుక నలుపేదో, కమిలిన చర్మం నలుపేదో తెలియదు. బుగ్గ మీద మచ్చలు పడి చాలాకాలం ఉండిపోయాయి. మా డాక్టరైతే చెవి ముందు చిన్న చోట వేసి, రోజులు ఆగి చూసి, ఆ తర్వాతే ముఖం ముట్టుకునేవాడు. ఆలస్యమని తిట్టుకునేవాళ్ళు తిట్టుకునేవారు. ఆయన లెక్కచేసేవాడు కాదు.

వాసన రాని సోమవారాలు

ఇప్పుడు అసలు కేసుకు వస్తాను. రూతు.

ముప్పై ఏళ్ళ లోపు మనిషి. చిన్నపిల్లల బడిలో టీచరు. తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. ఆమె గొంతు నేను పార్లర్‌లోనే విన్నాను. నొప్పి తెలియకుండా ఉండాలని సన్నగా పాడుకునేది. గడ్డం కింద, దవడ అంచున దట్టమైన నల్ల వెంట్రుకలు. పదహారేళ్ళప్పటి నుంచీ ఉన్నాయట. చర్చిలో ముందు నిలబడి పాట ఎత్తుకునే ఆవిడ ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఈస్టర్ నుంచి ఆ చోట రూతు నిలబడాలని పాస్టరమ్మ, అంటే పాస్టరు గారి భార్య, అడిగింది. రూతు నిలబడకపోతే వేరొకరికి ఇచ్చేస్తారు. ఆ చోటు కిటికీ పక్కనే, జనానికి ఎదురుగా.

"వెనక వరసలో అయితే తల వంచుకోని పాడేస్తానక్కా" అంది నాతో. "ముందు నిలబడితే గొంతెత్తాల. గొంతెత్తితే గడ్డం ఎత్తాల గదా."

ఆమె అప్పటికే ఆరు నెలలుగా మా దగ్గర లేజర్ చేయించుకుంటోంది. లేజర్ మా సొంతం కాదు. బెంగళూరు నుంచి వ్యాన్‌లో అద్దెకు వచ్చేది, సోమవారాల్లో. పార్లర్‌కు గిరాకీ తక్కువ రోజు అదే. ఆరు నెలలైనా రూతు గడ్డం మారలేదు. ఆమె ఒక్కతే కాదు, గడ్డానికీ పై పెదవికీ వచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే కథ. "హార్మోన్లు కమలా, మొండి వెంట్రుకలు" అనేది మేడమ్.

నాకు మనసు ఒప్పలేదు. లేజర్ పడినప్పుడు వెంట్రుక మాడిన వాసన కొద్దిగా వస్తుంది. పని జరిగిందనడానికి అదే నాకు గుర్తు. చేతులకూ కాళ్ళకూ వేయించుకునేవాళ్ళు వచ్చినప్పుడు గది నిండా ఆ వాసనే. గడ్డాలప్పుడు ఏ వాసనా లేదు. అదే మిషన్, అదే రోజు, అదే చెయ్యి. కాబట్టి తప్పు మిషన్‌లో లేదు. ఇక హార్మోన్ అంటారా, అది పోయిన వెంట్రుకను మళ్ళీ మొలిపించగలదు. మాడే వెంట్రుకను మాడకుండా ఆపలేదు. అంటే మాడడానికి అక్కడ ఏమీ లేదన్నమాట.

ఆ సోమవారం లేజర్ వేయకముందే రూతు గడ్డం కింద వేలితో రాసి చూశాను. పైపైన కోసిన వెంట్రుకలైతే గరుకు తగలాలి. పింగాణీ పళ్ళెంలా జారింది.

"ఏమ్మా, వీటిని ఎప్పుడు తీసినావు?"

"మొన్న శనివారమక్కా. ఆదివారం చర్చికి పోవాల గదా."

"పీకొద్దని చెప్పినాం గదా, కాగితంలో గూడా రాసిచ్చినామే!"

"అయ్యో, పీకలేదక్కా! ఒట్టు. పీకేది లేదు, వ్యాక్స్ లేదు, కాగితంలో ఉండేదంతా చేసినాను. దారంతో తీయించుకున్నాను, అంతే."

"ఎవరి దగ్గర?"

ఆమె నన్ను వింతగా చూసింది. "యాడికి పోతానక్కా? ఇక్కడే. మీ ముందు గదిలోనే."

ముందు గది, వెనక గది

ఆ కాగితం మిషన్ కంపెనీ ఇచ్చినది. పీకకూడదు, వ్యాక్స్ చేయకూడదు అని మేడమ్ తెలుగులోకీ తమిళంలోకీ రాయించింది. రాసినవాళ్ళ దేశంలో మెలితిప్పిన దారంతో ముఖం శుభ్రం చేసుకునే అలవాటు లేదేమో, ఆ మాట అందులో లేదు. మా ఆడవాళ్ళ దృష్టిలో దారం పీకడం కాదు, కోయడం. పైగా శనివారం సాయంత్రం మా ముందు గదిలో బెంచీలు చాలవు. మరుసటి రోజు చర్చికి వెళ్ళే ప్రతి మనిషీ కనుబొమలు, పెదవి, గడ్డం దారంతో తీయించుకొని వెళుతుంది. దారం వెంట్రుకను వేరుతో సహా లాగేస్తుంది. వేరు లేని చోట లేజర్ వేస్తే అది దేన్ని చంపుతుంది?

మేడమ్‌తో చెప్పాను. "శనివారం ముందు గదిలో వేరు లాగేస్తా ఉండాం. సోమవారం వెనక గదిలో అదే వేరు కోసరం వెతుకుతా ఉండాం."

"దారం కోస్తుంది గదా కమలా? ఇన్నేండ్లుగా చేస్తా ఉండాను, నాకు తెలియదా?"

"మీరే చూడండి మేడమ్."

ఆమె తన ముంజేతి మీదే దారం వేసి ఒక వెంట్రుక తీసింది. భూతద్దం కింద పెట్టాం. చివర తెల్లటి ముద్ద వేలాడుతోంది. మేడమ్ చాలాసేపు చూసింది.

"చూడే, దీని తల మండా" అంది చివరికి. "కోస్తా ఉండాను అనుకోని సేద్యమంతా పెరికేస్తా ఉండానే!"

ఇద్దరం నవ్వాం. కానీ ఆ మధ్యాహ్నమే ఆమె కాగితం మార్చింది. లేజర్‌కు వచ్చేవాళ్ళ గడ్డం ముట్టుకోవద్దని ముందు గదిలో అమ్మాయిలకు చెప్పింది. వృథా అయిన సిట్టింగులన్నీ ఉచితంగా మళ్ళీ చేస్తానంది. శనివారం గిరాకీ కొంత పోతుందని తెలిసే చేసింది. నేను పని చేసిన యజమానుల్లో ఆమె మీద గౌరవం ఎక్కువ కావడానికి కారణం ఇదే. తప్పులు అందరు యజమానులూ చేస్తారు. తప్పు కంటికి కనిపించాక కూడా హార్మోన్ల మీదికి తోసేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

రూతుకు నేనే చెప్పాను. అంతా విని అంది, "అంటే ఇన్ని సోమవారాలు నా మొగానికి సుమ్నే, ఉత్తపుణ్యానికి టార్చి వేసినారా అక్కా?"

"అవునమ్మా."

"టార్చి వేసినందుకన్నా బంగారం దొరికిందా?"



గీసుకోవడమా, వదిలేయడమా

ఈస్టర్‌కు కొన్ని వారాలే ఉన్నాయి. నేను లెక్క వేశాను. వెంట్రుకలు నల్లగా, లావుగా ఉన్నాయి. చర్మం చామనఛాయ, ఎండకు కమిలింది కాదు. వెంట్రుకలు చాలా ఎక్కువ. ఏ వైపు నుంచి చూసినా లేజరే సరైనది. ముందు లేజర్‌తో ఎక్కువ భాగం తగ్గించి, మిగిలిన నాలుగింటిని సూదితో తీస్తే సరి. కావలసింది ఒకటే. దారం మానేసి, చర్చికి వెళ్ళేముందు రేజర్‌తో గీసుకోవాలి. రేజర్ పైన ఉన్నదాన్నే కోస్తుంది, వేరు కింద భద్రంగా ఉంటుంది.

రూతు ముఖం మాడిపోయింది.

"రేజరా? గీసుకుంటే ఇంకా దట్టంగా వస్తాదంట గదా?"

"రాదమ్మా. పైన కోసేది కిందుండే వేరుకు ఎట్ల తెలుస్తుంది? కోసిన చివర మొండిగా ఉంటాది, అందుకని అట్ల అనిపిస్తాది."

"మా తమ్ముడు చూస్తే?"

"తలుపేసుకో. ఎవరికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది గదక్కా. వారం వారం అద్దం ముందర రేజర్ పట్టుకోని నిలబడాలంటే, ఆ బొమ్మ ఇంగ నా కండ్లల్లోంచి పోదు. వేరే దారి లేదా?"

సూది ఉంది. కానీ సూదికి వెంట్రుక కనిపించాలి, పట్టకారుకు అందాలి. గీసుకోవడానికి వీల్లేదు, దారం వేయడానికీ వీల్లేదు. ప్రతి సిట్టింగు ముందు కొన్ని రోజులు పెరగనివ్వాలి. మధ్యలో ఆదివారం పడితే అలాగే చర్చికి వెళ్ళాలి. రేజర్ అంటేనే వద్దన్న మనిషి దీనికి అసలు ఒప్పుకోదనుకొని, విషయం మాత్రం చెప్పి ఊరుకున్నాను.

"అట్లయితే అట్లే" అంది.

నేను నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. సూది నిదానం, ఈస్టర్ నాటికి సగం గడ్డం కూడా కాదు, ఇదే సమయంలో లేజర్ అయితే ఎంతో ముందుకు పోతాం, లెక్క ప్రకారం ఇది తప్పు అని.

"సగం చాలక్కా" అంది. "దాచి దాచి విసుగొచ్చింది. రేజర్ అంటే ఇంకొకటి దాచాల. వెంట్రుకయితే, ఉండేదే గదా, ఉండాది."

పిల్లలూ, ఇక్కడ నేను నేర్చుకున్నది చెబుతాను. మిషన్ ముందు మనిషి గడిపేది కొద్దిసేపు. రెండు సిట్టింగుల మధ్య రోజులన్నీ ఆమె ఇంట్లో, బస్సులో, చర్చిలో, పెళ్ళిళ్ళలో గడుపుతుంది. లేజర్ అయితే ఆ రోజుల్లో రేజర్ పట్టుకోవాలి. సూది అయితే ఆ రోజుల్లో వెంట్రుకతో నలుగురిలో తిరగాలి. ఏది భరించగలదో ఆమెకే తెలుసు. అది అడగకుండా, వెంట్రుక రంగూ చర్మం రంగూ చూసి మనమే తేల్చేస్తే, ఆమె మన దగ్గర సరేనని తలూపి, శనివారం ఎక్కడో ఒకచోట దారం వేయించుకుంటుంది. నా లెక్కలో ఆ రోజులు లేవు. రూతు లెక్కలో ఉన్నాయి. నాది తప్పని ఇప్పటికీ అనను. ఆమెది పూర్తి లెక్క.

ఏ పక్క నుంచి

ఆమెను ముందు లేడీ డాక్టరుకు చూపించాం, మాత్రలు మొదలయ్యాయి. తర్వాత మొదటి సిట్టింగు. ఒకేచోట పక్కపక్కనే సూది దించితే చర్మం వాస్తుంది కాబట్టి కొంచెం ఎడం ఇస్తూ, ఒక పక్క నుంచి మరో పక్కకు పోవడం నా పద్ధతి. ఏ పక్క నుంచి మొదలుపెట్టాలో ఎప్పుడూ వచ్చినవాళ్ళనే అడిగేదాన్ని. అందరూ నలుగురికీ కనిపించే పక్కే చెప్పేవారు.

"పాడేటప్పుడు కిటికీ ఏ పక్కకి వస్తాది?"

"కుడి పక్క."

"అయితే కుడి పక్క మొదలుపెడదాం. వెలుతురు ఆ పక్కే గదా పడేది."

"వద్దక్కా, ఎడమ పక్క చెయ్యి."

"యాల?"

"బోర్డు మీద రాసేది కుడి చెయ్యి. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటాది. పాఠం చెప్పేటప్పుడు, బస్సులో, ప్రార్థనలో, ఎప్పుడు చూసినా గడ్డం కిందికే పోతాది. పోయి తడుముతా ఉంటాది. ముందు ఆ చెయ్యికి పని లేకుండా చెయ్యి."

ఎడమ పక్క నుంచే మొదలుపెట్టాను. ఆ వారం ఆదివారం దాటాక, ఎట్ల గడిచిందని భయపడుతూనే అడిగాను.

"పాస్టరమ్మ ఒక్కామే చూసింది" అంది రూతు. "ఆరాధన అయినాక పక్కకి పిలిచింది. సరే, ఇంగ అయిపోయింది, ముందర నిలబడొద్దు అంటాది అనుకున్నాను. 'ఈ పక్క ఎర్రగా చుక్కలుండాయే, ఏం చేయించుకుంటా ఉండావు?' అనింది. చెప్పినాను. అటూ ఇటూ చూసి, చెవిలో అడిగింది, 'ఆ అక్క శనివారం గాకుండా ఏ రోజు ఖాళీగా ఉంటాది?' అని."

ఆ తర్వాత పాస్టరమ్మ కూడా వచ్చింది. రూతు పని పూర్తి కావడానికి చాలాకాలమే పట్టింది. ఇప్పటికీ ఒకటో రెండో లేస్తే, నా తర్వాత వచ్చిన అమ్మాయి దగ్గరికి వెళ్ళి తీయించుకుంటుంది. పర్మనెంట్ అన్న మాటను నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు, ఆమె అడగనూ లేదు.

ఈస్టర్ పొద్దున రమ్మని పిలిచింది. నేను దేవుడి గదిలో దీపం పెట్టుకునే మనిషిని, చర్చి లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. రూతు తెల్లచీర కట్టుకొని కిటికీ పక్కన, జనానికి ఎదురుగా నిలబడి ఉంది. పొద్దుటి ఎండ సూటిగా ఆమె కుడి పక్కన పడుతోంది. ఆ పక్కన నేను ఇంకా సూది ముట్టించలేదు. నేను నిలబడ్డ చోటికి కూడా నల్లగా కనిపిస్తోంది. ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. హార్మోనియం మొదలైంది. నా కళ్ళు ఆమె గడ్డం మీది నుంచి ఎడమ చేతి మీదికి పోయాయి, అది పైకి లేస్తుందేమోనని.

రూతు గడ్డం పైకెత్తి పాట ఎత్తుకుంది. పాట అయ్యేదాకా రెండు చేతులూ పాటల పుస్తకం మీదే ఉన్నాయి.